గ్లైడర్ పోటీలకు స్టాప్‌వాచ్ ఎంచుకోవడం: సమయం చూసేవారి కోసం సమగ్ర మార్గదర్శి

మోడల్ గ్లైడర్ గాలిలో ఎంతసేపు నిలిచినా, ఆ సమయం ఫలితాల పట్టికలోకి చేరాలంటే ముందుగా ఒక మనిషి వేలిని దాటి రావలసిందే. నెలల తరబడి రెక్కలు చెక్కి, బరువు తూచి, గాలి చూసుకుని విమానాన్ని వదిలిన పోటీదారు శ్రమ అంతా ఆ చివరి క్షణంలో సమయం చూసేవారి బొటనవేలి మీద ఆధారపడి ఉంటుంది. అందుకే స్టాప్‌వాచ్ కొనేటప్పుడు చాలామంది అడిగే మొదటి ప్రశ్న, అంటే ఈ గడియారం ఎంత ఖచ్చితంగా నడుస్తుందన్న ప్రశ్న, నా దృష్టిలో చివరికి రావలసినది. ముందుగా అడగవలసినవి వేరే ఉన్నాయి: కళ్లు ఆకాశంలో ఉండగా చూడకుండా నొక్కగలమా, ఎండలో అంకె కనిపిస్తుందా, పొరపాటున నమోదైన సమయం చెరిగిపోయే అవకాశం ఉందా? ఈ మార్గదర్శి ఆ వరుసలోనే సాగుతుంది.

మొదటి మెట్టు: ఏ తరహా పోటీకి సమయం చూడబోతున్నారో తేల్చుకోండి

గ్లైడర్ పోటీలన్నీ ఒకే రకమైన సమయాన్ని కోరవు. అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య అయిన ఎఫ్‌ఏఐ నియమావళిలోని విభాగాలను ఆధారంగా తీసుకుంటే ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

ఎఫ్1ఎ అనే ఫ్రీ ఫ్లైట్ విభాగంలో గ్లైడర్‌ను 50 మీటర్ల తాడుతో పైకి లాగి వదులుతారు. తాడు ఊడిన క్షణం నుంచి విమానం నేలను తాకే వరకు, లేదా ఏదైనా అడ్డును ఢీకొనే వరకు, లేదా కనుచూపు నుంచి పూర్తిగా మాయమయ్యే వరకు సమయాన్ని లెక్కిస్తారు. సాధారణంగా ఒక ఎగురుదలకు లెక్కలోకి వచ్చే గరిష్ఠ సమయం మూడు నిమిషాలు, అంటే 180 సెకన్లు. విమానాన్ని ఎవరూ నియంత్రించరు కనుక అది గాలివాటున ఎంత దూరమైనా కొట్టుకుపోవచ్చు. సమయం చూసే ఇద్దరూ బైనాక్యులర్‌కు కళ్లు ఆనించి, గడియారం వైపు చూసే వీలే లేకుండా నిలబడతారు.

ఎఫ్3జె, ఎఫ్5జె వంటి రేడియో నియంత్రిత విభాగాల తీరు వేరు. అక్కడ ప్రాథమిక రౌండ్లలో పది నిమిషాలు, తుది పోరులో పదిహేను నిమిషాలు పని సమయంగా ఇస్తారు. పూర్తయిన ప్రతి సెకనుకు ఒక పాయింటు వస్తుంది. దానికి తోడు పైలట్ ఆ గడువు ముగిసే ముందే, గుర్తు పెట్టిన చోట దిగాలి. కనుక ఇక్కడ గడిచిన సమయంతో పాటు మిగిలిన సమయం కూడా ముఖ్యం. పైలట్ పక్కన నిలబడిన సహాయకుడు చివరి పది సెకన్లను ఒక్కొక్కటిగా బిగ్గరగా లెక్కిస్తుంటాడు.

చేతితో విసిరే గ్లైడర్ల విభాగమైన ఎఫ్3కెలో అన్నింటికంటే ఎక్కువ పని స్టాప్‌వాచ్‌కే ఉంటుంది. ఒకే పని సమయంలో పైలట్ పలుమార్లు విసురుతాడు. ఒక టాస్కులో ఒకటి, రెండు, మూడు, నాలుగు నిమిషాల లక్ష్యాలను ఏ వరుసలోనైనా పది నిమిషాల్లో పూర్తి చేయాలి. ఇంకొక టాస్కులో ఐదు అతి దీర్ఘమైన ఎగురుదలలను లెక్కిస్తారు. పోకర్ అని పిలిచే టాస్కులో విసిరే ముందే పైలట్ తన లక్ష్య సమయాన్ని ప్రకటించాలి. పైలట్ చేతి నుంచి విమానం విడివడిన క్షణంలో గడియారం మొదలై, అది నేలపై ఆగినప్పుడో పైలట్ దాన్ని చేత్తో పట్టుకున్నప్పుడో ఆగుతుంది. విమానాన్ని పట్టిన చేతితోనే మళ్లీ విసిరేస్తాడు కనుక రెండు ఎగురుదలల మధ్య ఒక్కోసారి రెండు సెకన్ల వ్యవధి కూడా ఉండదు.

కొండ అంచున జరిగే ఎఫ్3ఎఫ్ వేగ పోటీని ఈ మార్గదర్శి నుంచి తప్పిస్తున్నాను. అందులో వంద మీటర్ల దూరాన్ని పదిసార్లు దాటిన సమయాన్ని సెకనులో వందో వంతు వరకు పోల్చి చూస్తారు. ఆ పనికి ఇరువైపులా న్యాయనిర్ణేతలు, సంకేత గంటలు, వాటితో కలిపిన ఎలక్ట్రానిక్ పరికరం ఉండాలి. చేతితో నొక్కే స్టాప్‌వాచ్ ఎంత మంచిదైనా అక్కడ అది అత్యవసర ప్రత్యామ్నాయం మాత్రమే.

రెండో మెట్టు: గడియారం తప్పెంతో, వేలి తప్పెంతో లెక్క వేసుకోండి

ఈ చిన్న లెక్క ఒక్కసారి వేసుకుంటే కొనుగోలులో సగం అయోమయం తీరిపోతుంది. మామూలు డిజిటల్ స్టాప్‌వాచ్ లోపల సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. రెండును పదిహేను సార్లు హెచ్చిస్తే ఆ సంఖ్య వస్తుంది కనుక దాన్ని సగాలుగా విభజించుకుంటూ పోయి సరిగ్గా ఒక సెకనును రాబట్టడం సులువు. ఇటువంటి స్ఫటికం పది లక్షల్లో ఇరవై వంతుల మేరకు తప్పు నడిచిందనే అనుకుందాం. పది నిమిషాల ఎగురుదలలో ఆ తప్పు 0.012 సెకను మాత్రమే. మూడు నిమిషాల ఎగురుదలలో అయితే 0.004 సెకను కూడా ఉండదు.

ఉష్ణోగ్రత ప్రభావం మీద కూడా చాలామందికి అనుమానం ఉంటుంది. ఈ స్ఫటికాలు సుమారు 25 డిగ్రీల సెల్సియస్ వద్ద సరిగా నడిచేలా తయారవుతాయి. అక్కడి నుంచి వేడెక్కినా చల్లబడినా కొద్దిగా మందగిస్తాయి. ఎండలో గడియారం 45 డిగ్రీలకు చేరిందనుకున్నా ఆ మందగింపు పది లక్షల్లో పద్నాలుగు వంతులకు మించదు. పది నిమిషాలకు అది సెకనులో వందో వంతు కంటే తక్కువ.

ఇప్పుడు మనిషిని చూద్దాం. కంటికి కనబడిన దానికి స్పందించి వేలు కదపడానికి ఆరోగ్యవంతుడికి సుమారు 0.2 సెకను పడుతుంది. మొదలుపెట్టేటప్పుడూ ఆపేటప్పుడూ అదే ఆలస్యం జరిగితే రెండూ ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి. అయితే నిజానికి అలా జరగదు. దిగుతున్న విమానం మన కళ్ల ముందే నేలకు దగ్గరవుతుంటే వేలు ముందుగానే ఆత్రపడి నొక్కేస్తుంది. దూరాన తాడు ఊడిన క్షణం మాత్రం హఠాత్తుగా వస్తుంది కనుక అక్కడ ఆలస్యమవుతుంది. ఎఫ్1ఎ తాడుకు కట్టిన చిన్న జెండా విమానం నుంచి విడివడి కిందకు జారడాన్ని చూసి నొక్కేవారికి ఈ తేడా అనుభవంలో తెలుస్తుంది. మొత్తం మీద మిగిలిపోయే తప్పు సెకనులో ఒకటి రెండు పదో వంతులు, అంటే స్ఫటికం తప్పుకు పది రెట్లు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ.

కనుక అట్టపెట్టె మీద రాసిన ఖచ్చితత్వపు అంకెల కోసం ఎక్కువ ఖర్చు పెట్టడంలో అర్థం లేదు. ఆ ఖర్చు మంచి బటన్ మీదా, స్పష్టమైన అంకెల మీదా పెట్టాలి.

మూడో మెట్టు: వందో వంతు అంకె ఎందుకు కావాలో తెలుసుకోండి

వేలి తప్పు పదో వంతుల్లో ఉన్నప్పుడు వందో వంతు చూపే గడియారం దేనికన్న సందేహం సహజమే. అయినా ఎఫ్‌ఏఐ ఫ్రీ ఫ్లైట్ నియమాలు సెకనులో కనీసం వందో వంతు చూపే క్వార్ట్జ్ ఎలక్ట్రానిక్ గడియారాన్నే కోరుతున్నాయి. అక్కడ అధికారిక సమయం ఇద్దరు నమోదు చేసిన సమయాల సగటు. ఆ సగటును కింది పూర్ణ సెకనుకు కుదిస్తారు. సమస్య ఆ కుదింపులోనే ఉంది.

ఒక ఉదాహరణ చూడండి. ఒకరి గడియారంలో 172.84, ఇంకొకరి గడియారంలో 173.31 వచ్చిందనుకుందాం. సగటు 173.075. కిందికి కుదిస్తే 173 సెకన్లు. అదే ఇద్దరూ ముందే తమ తమ అంకెలను కుదించి 172, 173 అని రాసి ఉంటే సగటు 172.5 అవుతుంది, కుదిస్తే 172 మిగులుతుంది. విమానం ఎగిరింది ఒక్కసారే, గడియారాలు అవే, కాని పోటీదారు ఒక సెకను కోల్పోయాడు. అందుకే గడియారంలో కనిపించిన అంకెను దశాంశంతో సహా ఉన్నది ఉన్నట్టుగా కార్డు మీద రాయాలి. కుదించే పని లెక్క చివర ఒక్కసారే జరగాలి. వందో వంతు చూపని గడియారంతో ఈ జాగ్రత్త సాధ్యం కాదు.

దీనితోపాటు మరో మాట. గడియారం 2 నిమిషాల 53 సెకన్లు అని చూపుతుంది, కార్డు మీద మాత్రం 173 అని రాయవలసి వస్తుంది. అలసిన వేళ ఈ మార్పిడిలో జరిగే పొరపాట్లు వేలి పొరపాట్ల కంటే చాలా పెద్దవి. ముందుగా నిమిషాలు, సెకన్ల రూపంలో రాసి, పక్కన సెకన్లలోకి మార్చి రాయడం మేలు.

నాలుగో మెట్టు: బటన్‌ను వేలితో పరీక్షించండి

గడియారాన్ని ఎంచుకోవడంలో నేను అన్నిటికంటే ఎక్కువ సమయం కేటాయించేది ఇక్కడే. గడియారాన్ని చేతిలోకి తీసుకుని కళ్లు మూసుకోండి. మొదలుపెట్టి ఆపే బటన్ ఏదో, ల్యాప్ లేదా రీసెట్ బటన్ ఏదో తడిమితేనే తెలియాలి. రెండూ ఒకే పరిమాణంలో, ఒకే ఎత్తులో, ఒకే నునుపుతో ఉన్న గడియారం బల్ల మీద అందంగా కనిపిస్తుంది గాని బైనాక్యులర్ వెనుక నిలబడిన వ్యక్తికి పనికిరాదు. ఒకటి పెద్దదిగానో, గరుకుగానో, కొంచెం పైకి పొడుచుకు వచ్చినట్టుగానో ఉండాలి.

తరువాత నొక్కి చూడండి. మంచి బటన్‌లో మొదట కొద్దిపాటి ప్రతిఘటన ఉండి, ఒక స్పష్టమైన బిందువు వద్ద టక్కుమని లోపలికి దిగుతుంది. ఆ టక్కుమనే క్షణమూ గడియారం కదిలే క్షణమూ ఒకటే కావాలి. రబ్బరులా మెత్తగా ఒదిగిపోయే బటన్‌లో ఎక్కడ సంపర్కం కుదిరిందో వేలికి అర్థం కాదు. దానితో ఒకసారి తేలిగ్గా, మరోసారి గట్టిగా నొక్కడం అలవాటవుతుంది, సమయం చెదురుతుంది. మరీ గట్టి బటన్ కూడా మంచిది కాదు. నొక్కే ప్రతిసారీ చేయి కదిలితే బైనాక్యులర్‌లోని దృశ్యం కూడా కదిలి, దూరంగా చుక్కలా కనిపిస్తున్న విమానం చూపు నుంచి జారిపోతుంది.

బొటనవేలితో నొక్కాలా, చూపుడు వేలితో నొక్కాలా అన్నది మీ చేతికి సంబంధించిన విషయం. దీనిని తేల్చుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. గడియారాన్ని మొదలుపెట్టి వెంటనే, మీకు వీలైనంత వేగంగా ఆపండి. ఇలా ఒక్కో వేలితో ఇరవై సార్లు చేసి అంకెలు రాసుకోండి. వచ్చిన అంకెల్లో అతి చిన్నది ఏ వేలిదో చూడకండి. అంకెలన్నీ ఒకదానికొకటి దగ్గరగా వచ్చినది ఏ వేలిదో చూడండి. పోటీలో కావలసింది వేగం కాదు, నిలకడ.

ఇక అన్నింటికంటే ముఖ్యమైనది రీసెట్ ప్రవర్తన. నేను ఒకసారి ఒక పోటీలో సమయం చూస్తున్నప్పుడు విమానం దిగిన క్షణాన సరిగ్గానే ఆపాను. గడియారాన్ని ఎడమ చేతిలోకి మార్చుకుని, జేబులోంచి కార్డు తీస్తుండగా ఎడమ పక్క బటన్ అరచేతికి ఒత్తుకుంది. కిందికి చూసేసరికి తెర మీద అన్నీ సున్నాలే ఉన్నాయి. రెండో టైమ్‌కీపర్ గడియారంలో సమయం ఉండటం వల్ల ఆ పోటీదారుకు మొత్తం నష్టం జరగలేదు గాని, నేను చూసి రాయవలసిన అంకె మాత్రం శాశ్వతంగా పోయింది. ఆ రోజు నుంచి రెండు లక్షణాల్లో ఏదీ లేని గడియారాన్ని నేను ఎవరికీ సూచించడం లేదు. ఒకటి, రీసెట్ జరగాలంటే బటన్‌ను కొద్దిసేపు నొక్కి పట్టుకోవలసి రావడం, లేదా రీసెట్ బటన్ గడియారం అంచులో లోతుగా ఉండటం. రెండు, రీసెట్ అయిన తర్వాత కూడా పాత సమయాన్ని తిరిగి చూపే జ్ఞాపకం ఉండటం. రెండూ ఉంటే మంచిది, కనీసం ఒకటైనా తప్పనిసరి.

ఐదో మెట్టు: అంకెలను ఎండలో చూడండి

దుకాణపు దీపాల కింద అన్ని తెరలూ బాగానే కనిపిస్తాయి. గడియారాన్ని బయటికి తీసుకెళ్లి, ఎండ నేరుగా పడేలా పట్టుకుని, చేయి చాచిన దూరం నుంచి చదవండి. నిమిషాలు, సెకన్ల అంకెలు పెద్దవిగా ఉండాలి. వందో వంతు అంకెలు కొంచెం చిన్నవిగా ఉన్నా ఫరవాలేదు.

చాలామంది గమనించని చిక్కు ఒకటి చలువ కళ్లద్దాలతో వస్తుంది. ఆకాశం వైపు గంటల తరబడి చూసేవారు పోలరైజ్డ్ అద్దాలు వాడతారు. ఎల్‌సీడీ తెర మీద కూడా అటువంటి పొరే ఉంటుంది. రెండు పొరల దిశలు ఒకదానికొకటి అడ్డంగా పడితే తెర మొత్తం నల్లగా మారి అంకెలు మాయమవుతాయి. కనుక మీరు మైదానంలో పెట్టుకునే కళ్లద్దాలనే పెట్టుకుని, గడియారాన్ని నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా తిప్పి చూడండి. చేతిలో సహజంగా పట్టుకునే కోణంలో అంకెలు కనిపిస్తే చాలు. ఆ కోణంలోనే నల్లబడితే గడియారాన్నో అద్దాలనో మార్చుకోవలసిందే.

వేడి వల్ల తెర మొత్తం ముదురు రంగులోకి మారడం, గడ్డకట్టే చలిలో అంకెలు నెమ్మదిగా మారుతూ ఒకదాని మీద ఒకటి నీడల్లా కనిపించడం కూడా ఎల్‌సీడీ స్వభావమే. వీటి వల్ల లోపలి లెక్క మారదు, కనిపించడమే కష్టమవుతుంది. నీడలోకో, ఒంటి వెచ్చదనంలోకో తీసుకువస్తే తెర మామూలు స్థితికి వస్తుంది.

మూడు వరుసల తెరలు ఎఫ్3కె సహాయకుడికి ఉపయోగపడతాయి. పైన ప్రస్తుత ఎగురుదల, కింద మొత్తం సమయం ఒకేసారి కనిపిస్తాయి. ఫ్రీ ఫ్లైట్‌లో సమయం చూసేవారికి మాత్రం ఒకే వరుసలో పెద్ద అంకెలున్న తెరే మంచిది.

ఆరో మెట్టు: అవసరమైన సౌకర్యాలను, అనవసరమైన వాటిని వేరు చేయండి

స్ప్లిట్, ల్యాప్ అనే రెండు మాటలను తయారీదారులు కలిపేసి వాడుతుంటారు గాని వాటి అర్థాలు వేరు. స్ప్లిట్ అంటే మొదటి నుంచి అప్పటివరకు గడిచిన మొత్తం. ల్యాప్ అంటే కిందటిసారి నొక్కినప్పటి నుంచి గడిచిన భాగం మాత్రమే. మీ గడియారం దేన్ని చూపుతుందో తెలుసుకోకుండా మైదానంలోకి వెళ్లకండి.

ఫ్రీ ఫ్లైట్‌లో స్ప్లిట్‌కు ఒక విశేషమైన ప్రయోజనం ఉంది. విమానం చెట్ల వెనక్కో మబ్బులోకో వెళ్లి కనిపించకుండా పోతే, నియమం ప్రకారం పది సెకన్లు వేచి చూడాలి. అది మళ్లీ కనిపిస్తే లెక్క ఆగకుండా కొనసాగుతుంది. కనిపించకపోతే గడియారం ఆపి, వచ్చిన సమయం నుంచి ఆ పది సెకన్లను తీసివేస్తారు. విమానం మాయమైన క్షణంలో స్ప్లిట్ నొక్కితే ఆ సమయం తెర మీద నిలిచిపోతుంది, లోపల లెక్క మాత్రం సాగుతూనే ఉంటుంది. చివర పది తీసివేయగా వచ్చిన అంకెను దానితో పోల్చి చూసుకోవచ్చు. అయితే ఇది చేయడానికి ముందు ఇంటి దగ్గర కనీసం ముప్పై నలభై సార్లు సాధన చేయాలి. తెర నిలిచిపోయినప్పుడు గడియారమే ఆగిపోయిందని కంగారుపడి మరో బటన్ నొక్కినవారిని నేను చూశాను. సాధన చేసే ఓపిక లేకపోతే స్ప్లిట్ జోలికి పోకుండా, మనసులో పది లెక్కపెట్టి ఆపడమే క్షేమం.

కౌంట్‌డౌన్, అంటే ఇచ్చిన గడువు నుంచి వెనక్కి లెక్కించడం, రేడియో నియంత్రిత విభాగాల్లో పని సమయానికి ఎంతో అవసరం. అందులో చూడవలసినవి మూడు. పది నిమిషాలనూ పదిహేను నిమిషాలనూ రెండు మూడు నొక్కుల్లో అమర్చగలగాలి. చివరి నిమిషంలోనూ చివరి సెకన్లలోనూ శబ్దం చేయాలి. సున్నాకు చేరాక దానంతట అదే మళ్లీ మొదటి నుంచి మొదలుకాకూడదు. ఎగురుదల సమయాన్ని నమోదు చేయడానికి మాత్రం కౌంట్‌డౌన్‌ను ఎన్నడూ వాడకండి. అక్కడ పైకి లెక్కించే గడియారమే ఉండాలి.

ఇందువల్ల ఎఫ్3కె సహాయకుడికి నేను చెప్పే సలహా ఒక్కటే: అన్నీ చేసే ఒక గడియారం కంటే ఒక్కో పని చేసే రెండు గడియారాలు మేలు. పని సమయం వెనక్కి లెక్కించేది మెడలో వేలాడాలి, ఎగురుదల కొలిచేది చేతిలో ఉండాలి. పోకర్ టాస్కులో పైలట్ తన తదుపరి లక్ష్యాన్ని ప్రకటించే ముందు ఇంకా ఎంత సమయం ఉందని అడుగుతాడు. అప్పుడు చేతిలోని గడియారం విధానాన్ని (మోడ్‌ను) మార్చే అవసరం లేకుండా మెడలోని దాన్ని చూసి ఒక్క మాటలో చెప్పవచ్చు. రెండూ వేర్వేరు రంగుల్లో ఉంటే తొందరలో ఒకదానికి బదులు ఇంకొకటి నొక్కే ప్రమాదం తగ్గుతుంది.

ఐదు వందల ల్యాపుల జ్ఞాపకం, కంప్యూటర్‌కు కలిపే సదుపాయం, మెట్రోనోమ్, రెండో దేశపు సమయం వంటివి మన పనికి అక్కరలేదు. పైగా విధానాలు పెరిగిన కొద్దీ తప్పు విధానంలో నొక్కే అవకాశమూ పెరుగుతుంది. నొక్కినప్పుడు వచ్చే బీప్ శబ్దాన్ని ఆపివేసే వీలు ఉందో లేదో మాత్రం చూడండి. పక్కపక్కన పది మంది సమయం చూస్తున్నప్పుడు ఎవరి గడియారం మోగిందో తెలియక తన గడియారమే మొదలైందని పొరబడటం మైదానంలో మామూలే.

ఫోన్, యాంత్రిక గడియారం గురించి

ఫోన్‌లోని స్టాప్‌వాచ్ లెక్కలో తప్పు చేయదు. అయినా పోటీకి అది తగదు. నునుపైన అద్దం మీద బటన్ ఎక్కడుందో వేలికి తెలియదు, కనుక ప్రతిసారీ కిందికి చూడాలి. అలా చూసిన క్షణంలోనే విమానం దిగిపోవచ్చు. చెమట పట్టిన వేలిని తెర గుర్తించకపోవచ్చు, సరిగ్గా ఆ సమయానికే కాల్ రావచ్చు, ఎండకు వేడెక్కి తెర మసకబారవచ్చు. సాధన రోజుల్లో వాడుకోవడానికి అభ్యంతరం లేదు.

యాంత్రిక స్టాప్‌వాచ్‌ల పట్ల నాకు ఎంతో గౌరవం ఉంది. వాటి బటన్ స్పర్శకు సాటి వచ్చే డిజిటల్ గడియారాలు అరుదు. కాని గంటకు 18,000 సార్లు కొట్టుకునే చక్రం ఉన్న గడియారం సెకనుకు ఐదు అడుగులే వేస్తుంది, అంటే సెకనులో ఐదో వంతు కంటే సన్నగా చూపలేదు. 36,000 సార్లు కొట్టుకునేది పదో వంతు చూపుతుంది. వందో వంతు కోరే నియమాల కింద ఈ రెండూ చెల్లవు.

ఏడో మెట్టు: ఒప్పుకునే ముందు పరీక్షించండి

కొన్న తరువాత మార్చుకునే గడువు ముగియకముందే రెండు పరీక్షలు చేయండి. మొదటిది నడక పరీక్ష. కొత్త గడియారాన్నీ, మీకు నమ్మకమున్న మరో గడియారాన్నీ పక్కపక్కన పెట్టి రెంటినీ మొదలుపెట్టండి. ఒకేసారి నొక్కడానికి తంటాలు పడనక్కరలేదు. వెంటనే రెండు తెరలూ ఒకే చట్రంలో పడేలా ఒక ఫొటో తీయండి. గంట తర్వాత ఇంకొకటి తీయండి. మొదటి ఫొటోలో ఉన్న తేడాకూ రెండో ఫొటోలో ఉన్న తేడాకూ మధ్య మార్పే అసలు తప్పు. వేలి ప్రమేయం ఇందులో ఎక్కడా లేదు. ఫొటోలో వందో వంతు అంకె అలికినట్టు పడినా పదో వంతు చదవగలిగితే చాలు. గంటకు పదో వంతు సెకను కంటే తక్కువ మార్పు ఉంటే, పది నిమిషాల ఎగురుదలలో తప్పు 0.017 సెకనుకు లోపే ఉంటుంది. కొన్ని గడియారాలు అరగంటో గంటో దాటాక వందో వంతులు చూపడం మానేస్తాయి. అటువంటి వాటి రెండో ఫొటోను ఆ పరిమితికి కాస్త ముందే తీయండి.

రెండోది బటన్ పరీక్ష. వంద సార్లు మొదలుపెట్టి ఆపండి. మధ్యమధ్య తేలిగ్గా, గట్టిగా, బటన్ అంచు మీద, ఏటవాలుగా నొక్కండి. ఒక్క నొక్కుకే రెండు నొక్కులుగా స్పందించి, మొదలైన వెంటనే ఆగిపోయే గడియారాన్ని, లేదా అంచున నొక్కితే పలకని గడియారాన్ని వెంటనే తిప్పి పంపండి. వందలో ఒక్కసారి జరిగినా సరే, ఆ ఒక్కసారి ఎవరి ఎగురుదల మీద పడుతుందో చెప్పలేం.

తాడు, బ్యాటరీ, తేమ

గడియారంతో వచ్చే మెడ తాడు సాధారణంగా సన్నగా, జారేలా, అవసరానికి మించి పొడవుగా ఉంటుంది. దాన్ని మార్చి, గడియారం వేలాడినప్పుడు ఛాతీ మధ్యకు వచ్చేంత పొడవున్న వెడల్పాటి నేత తాడు వేసుకోండి. బైనాక్యులర్ కూడా మెడలోనే ఉంటుంది కనుక రెండు తాళ్లూ ఒకే పొడవులో ఉంటే పరస్పరం చిక్కుపడి, బైనాక్యులర్ గొట్టం గడియారపు బటన్‌కు తగులుతుంది. గడియారాన్ని మణికట్టుకు చుట్టుకుని పట్టుకునే అలవాటు చేసుకుంటే ఈ బెడద ఉండదు.

తెల్లవారుజామున గాలి నిశ్చలంగా ఉన్నప్పుడు తుది పోరు నిర్వహించడం ఫ్రీ ఫ్లైట్‌లో ఆనవాయితీ. ఆ వేళ గడ్డి మీద మంచు ఉంటుంది, గడియారం ఒకటి రెండు సార్లు అందులో పడటం ఖాయం. చినుకులకు, మంచుకు తట్టుకునేంత రక్షణ ఉంటే చాలు, నీటి లోతుల్లో వాడే గడియారం అక్కరలేదు. తడిసిన గడియారం తెర లోపల ఆవిరి కనిపిస్తే ఆ రోజుకు దాన్ని పక్కన పెట్టి రెండోది వాడండి. ఈ కారణంగానే సంచిలో అదనంగా ఒకటి, వీలైతే అదే రకానిది, ఎప్పుడూ ఉండాలి. వేరే రకం గడియారం అయితే చేతి అలవాటు అడ్డుపడుతుంది.

చాలా డిజిటల్ స్టాప్‌వాచ్‌లలో మూడు వోల్టుల సీఆర్2032 బిళ్ల బ్యాటరీ ఉంటుంది, చిన్నవాటిలో ఒకటిన్నర వోల్టుల ఎల్ఆర్44 ఉంటుంది. అంకెలు పలచబడటం, బీప్ మోగినప్పుడు తెర క్షణకాలం మసకబారడం బ్యాటరీ అయిపోతున్నదనడానికి గుర్తులు. ఆ గుర్తుల కోసం ఎదురుచూడకుండా పోటీల కాలం మొదలయ్యే ముందే కొత్తది వేయండి. వేసిన తేదీని చిన్న కాగితం మీద రాసి మూత లోపల అంటించండి. మూత స్క్రూతో బిగించేదిగా ఉండటం అవసరం. మైదానానికి పిల్లలూ వస్తారు, బిళ్ల బ్యాటరీ మింగితే ప్రాణాపాయం. తీసిన పాత బ్యాటరీని అక్కడే వదిలేయకుండా, దాని రెండు వైపులా టేపు అంటించి, మూత ఉన్న డబ్బాలో వేసి వెంట తీసుకెళ్లండి.